వంకాయగారి పొగడ్తలు

అతని అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలావాడి నుంచి మేనేజరు దాకా అందరికీ అతను వంకాయే. ఆ కూరగాయతో అతనికి ఏ సంబంధమూ లేదు. కుట్టు పూర్తయి వచ్చిన ప్రతి చొక్కాకీ చివరి బల్ల దగ్గర నిలబడి వంక పెట్టడం అతని ఉద్యోగం. మొదట్లో వంకలాయన అనేవారు. నోరు తిప్పడానికి బద్ధకించి వంకాయన అన్నారు. ఆ తర్వాత గౌరవం కూడా దండగనుకున్నారో ఏమో, చివరి అక్షరం పీకేశారు. ఈ సంగతి అతనికి తెలిసినప్పుడు కోపం రాలేదు. వంకాయ అంటే గుండ్రంగా ఉండాలి, నేను వెదురుకర్రలా ఉన్నాను, పేరు సరిగ్గా అతకలేదు అని దానికీ ఒక వంక పెట్టాడు.

పని మాత్రం దేవుడు మెచ్చేలా చేసేవాడు. ట్యూబులైటు కింద చొక్కా పరిచి, ముందు కాలరు రెండు మూలలూ ఒకదానికొకటి సరిపోయాయా అని చూసి, తర్వాత కాజాలు, తర్వాత చేతులు, ఆ పైన తిరగేసి లోపలి కుట్లు. ఎక్కడ తేడా ఉంటే అక్కడ జేబులో ఉన్న స్టిక్కర్ల చుట్టలోంచి చిటికెన వేలి గోరంత ఎర్ర కాగితం బాణం ఒకటి ఊడదీసి, మొన తప్పు వైపు ఉండేలా అంటించేవాడు. బాణం పడ్డ చొక్కా మళ్ళీ కుట్టినావిడ దగ్గరికే పోవాలి. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడికి జీతం ఎవరిస్తారని లోకం నవ్వుతుంది కానీ, ఈ ఫ్యాక్టరీ ఇచ్చేది. పైగా ఏటా పెంచేది.

చిక్కల్లా ఏమిటంటే, బల్ల దగ్గర లైటు ఆర్పినా అతని కళ్ళు ఆరేవి కావు. చుట్టాల ఇంటికి వెళ్తే గోడ మీద పటం వంకర. మంగలి దగ్గర కూర్చుంటే ఎడమ చెంప పొడుగు. ఇక మనుషుల మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ కాలంలో ఎవరికీ స్పష్టంగా మాట్లాడటం రాదు, అందరూ మాటలు మింగేస్తారు, టీవీలో వార్తలు చదివేవాళ్ళు కూడా అంతే అని అతని ఫిర్యాదు. ఏళ్ళ తరబడి కుట్టుమిషన్ల రొదలో నిలబడ్డ తన కుడిచెవి సంగతి మాత్రం అతనికి ఎన్నడూ తట్టలేదు. ఎదుటివాళ్ళలో వంకలు వెతికేవాడికి తన చెవి తనకెలా కనిపిస్తుంది?

అలాంటివాడికి పెళ్ళెలా అయిందని మీరు అడగవచ్చు. అదీ వంకతోనే అయింది. అతను రోజూ ఎక్కే సిటీబస్సు నడిపేది ఒక ఆవిడ. ఒక సాయంత్రం బస్సు దిగి, చుట్టూ తిరిగి, డ్రైవరు కిటికీ కింద నిలబడి, స్టాపు బోర్డుకి మూరెడు ముందుకి ఆపారండీ అని చెప్పాడు. ఆవిడ తల ఊపింది. మర్నాడు పొద్దున బస్సును బోర్డుకి వెంట్రుకవాసి తేడా లేకుండా తెచ్చి ఆపింది. అతను మాత్రం అలవాటుకొద్దీ పాత చోటే నిలబడ్డాడు. తలుపు మూరెడు అవతల తెరుచుకుంది. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, “ఇప్పుడు తప్పెవరిదండీ?” అంది. అతని దగ్గర జవాబు లేదు. తనకి జవాబు లేకుండా చేసిన మనిషిని అంతకుముందు చూసి ఎరగడు. ఏడాది తిరక్కుండా ఆవిడనే పెళ్ళాడాడు.

డ్రైవరమ్మ సిగరెట్లు తాగుతుంది. అది ఆమె దాచలేదు, అతను చూడకపోలేదు. ఒక ట్రిప్పు అయి ఇంకో ట్రిప్పు మొదలయ్యేలోగా ఆఖరి స్టాపులో బస్సు ముందు చక్రానికి ఆనుకుని ఒకటి వెలిగించేది. పెళ్ళికి ముందే అతను దానికీ వంక పెట్టబోయాడు. ఆమె కోప్పడలేదు. పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, హారన్లు, తిట్లు, అందరూ నన్నే ఏదో ఒకటి అడుగుతుంటారు, ఆఖరి స్టాపులో ఎవరూ ఎక్కరు, దిగరు, ఆ కాసేపు ఒక్కటే నాది అంది. సరే, ఇంట్లో మాత్రం వద్దు, మేడ మీద తాగమని రాజీ కుదిరింది. ఆ రాజీ నాలుగేళ్ళు నడిచింది.

ఆ తర్వాత ఒకరోజు ఆమె వచ్చి, నెల తప్పిందని చెప్పింది. తప్పు అన్న మాట విని అతను సంతోషించింది జీవితంలో ఆ ఒక్కసారే.

కడుపుతో ఉన్నవాళ్ళకి స్టీరింగు ఇవ్వరు. ఆమెను డిపోలో ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. బస్సెప్పుడు, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆలస్యం అని కిటికీలోంచి ప్రశ్నలే ప్రశ్నలు. ఇదివరకు నడుపుతూ జవాబు చెప్పేది, ఇప్పుడు కూర్చుని జవాబు చెప్తోంది, అదీ తేడా. ఆఖరి స్టాపు లేని ఉద్యోగం. సిగరెట్టు మానెయ్యాలని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తెలిసిన రోజునే పెట్టెను నలిపి చెత్తబుట్టలో పారేసింది. మర్నాడు ఇంకోటి కొంది. లవంగాలు నమిలింది, పుల్లటి బిళ్ళలు చప్పరించింది, వేళ్ళ మధ్య పెన్సిలు పట్టుకు తిరిగింది. పొద్దున ఒట్టు, సాయంత్రానికి అది గట్టు మీద. ఆమె ఏడ్చే మనిషి కాదు. అయినా ఒకరోజు మేడ మెట్ల మీద కూర్చుని, ఈ చేతులు నా మాట వినట్లేదయ్యా అంటూ రెండు చేతులూ అతనికి చూపించింది.

అతనికి ఆమె మీద జాలి, బిడ్డ గురించి భయం, రెండూ ఒకేసారి వచ్చాయి. ఏదైనా చెయ్యాలనిపించింది. చేతనైందే చేశాడు. మేడ మెట్టు మీద బూడిద కనిపిస్తే అక్కడొక ఎర్ర బాణం. అగ్గిపెట్టె మీద ఒకటి. పీకలు పడేసిన పాత కప్పు మీద రెండు. వారం తిరిగేసరికి ఇల్లంతా అమ్ములపొది అయింది. డ్రైవరమ్మ వాటిని చూసింది. మేడ మీద తాగడం మానేసి, డిపోలో బస్సులు కడిగే షెడ్డు వెనక తాగడం మొదలుపెట్టింది. పొమ్మనలేక పొగబెట్టారంటారు. ఇతను పొగనే ఇంట్లోంచి పొమ్మన్నాడు. అది మనిషిని కూడా వెంటబెట్టుకుని పోయింది.

నెలవారీ పరీక్షకి ఆసుపత్రికి వెళ్ళిన రోజున ఆమె ఆ సంగతంతా నర్సమ్మతో తనే చెప్పింది. తర్వాత ఆమెను బరువు చూడటానికి లోపలికి తీసుకెళ్ళారు. ఆ సందులో నర్సమ్మ అతన్ని పక్కకి పిలిచింది. ఆవిడ మూతికి మాస్కు. బయట వరండాలో ఎవరి పిల్లాడో సూది పొడిపించుకుని ఆకాశానికి చిల్లు పడేలా ఏడుస్తున్నాడు. పైగా ఆవిడ నిలబడింది అతని కుడిపక్క. ఆవిడ చాలానే చెప్పింది. తిట్టవద్దంది, బ్యాగులు వెతకవద్దంది, ముఖం మాడ్చుకోవద్దంది. ఆఖర్న, మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే అని చెప్పి, రెండుసార్లు నొక్కి మరీ చెప్పింది. అతని చెవిన పడింది మాత్రం ఇది: “రోజూ పొగడండి.”

అతను నిలువుగుడ్లేసుకుని చూశాడు. పొగకు మందు పొగడ్తా? అయినా చదువుకున్న మనిషి, ఊరికే అంటుందా అనుకున్నాడు. మాత్రలు రాసిస్తే మింగించేవాడు, పథ్యం చెప్తే చేయించేవాడు. ఇది అన్నిటికన్నా కష్టమైన మందు, పైగా మింగవలసింది రోగి కాదు, తను.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని, నువ్వు తాళం బాగా వేస్తావు అన్నాడు. ఆమె గరిటె ఆపి చూసింది. కూర బాగుంది, కానీ ఉప్పు ఇంకో చిటికెడు పడాల్సింది అన్నాడు. ఆ చీర బాగుంది, కానీ కుచ్చిళ్ళలో ఒకటి ఎక్కువైంది అన్నాడు. అతని నోట్లో ప్రతి పొగడ్త వెనకా ఒక కానీ, ఇంజను వెనక పెట్టెలా తగులుకుని వచ్చేది. డ్రైవరమ్మకి గుండెల్లో రాయి పడింది. ఇన్నేళ్ళలో తాళం సంగతి ఎత్తని మనిషి ఇవాళ ఎందుకు ఎత్తాడు? ఉద్యోగం పోయిందా? ఇంకెవరైనా తగులుకున్నారా? తన కడుపులో బిడ్డ గురించి నర్సమ్మ ఏదైనా చెడు మాట చెప్పి దాచమందా? ఆ కంగారులో మర్నాడు షెడ్డు వెనక మామూలుకన్నా ఒకటి ఎక్కువే తాగింది.

ఇలా కాదు, సాధన కావాలని అతనికి అర్థమైంది. ఫ్యాక్టరీలో చొక్కాల మీద సాధన చేశాడు. బల్ల మీద ఒక మంచి చొక్కా పరిచి, కాలరు బాగుంది, కాజా బాగుంది అని గొణుక్కునేవాడు. ఆ తర్వాత మనుషుల మీదికి దిగాడు. మూడో వరసలో కుట్టే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, నీ జేబు కుట్టు ముత్యాల కోవలా ఉందమ్మా అన్నాడు. ఆవిడ మిషను ఆపేసి భోరుమంది. పొమ్మనలేక ఇలా పొగుడుతున్నారు, నన్ను తీసేస్తున్నారు కదా బాబూ అని కొంగు నోట్లో కుక్కుకుంది. సాయంత్రానికి ఫ్యాక్టరీ మూసేస్తున్నారని పుకారు లేచింది. మేనేజరు స్వయంగా వచ్చి, వంకాయా, దయచేసి నీ పని నువ్వు చెయ్యి అని బతిమాలుకున్నాడు.

ఇంటి దగ్గర మాత్రం మందు నెమ్మదిగా పట్టింది, లేదా పట్టినట్టు కనిపించింది. ఒకరోజు అతను రాగానే ఆమె, ఇవాళ ఒక్కటీ తాగలేదు అని చెప్పింది. అది నిజమే. అతను ఇంత సాధన చేసింది ఈ రోజు కోసమే. నోటికొచ్చినంతా పొగిడాడు. నీలాంటి గట్టి మనిషి ఊళ్ళో లేదన్నాడు, బిడ్డ పుట్టకముందే అదృష్టం చేసుకుందన్నాడు, ఒక్క కానీ కూడా దొర్లకుండా అంతా అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. పెళ్ళయిన తర్వాత ఆమె ముఖం అంతగా వెలగడం అతను చూడలేదు. తను ఇన్నాళ్ళూ ఏం చేశాడా అని సిగ్గు కూడా వేసింది.

మర్నాడు ఆమె రెండు తాగింది. చెబుదామనే ఇంటికి వచ్చింది. తీరా చూస్తే అతను గుమ్మంలోనే నోటినిండా పొగడ్త పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టినవాడి చెయ్యి ఎలా తోసేస్తాం? ఇవాళా లేదు అంది. అతను పొగిడాడు. ఆ తర్వాతి రోజూ లేదు అంది. పొగిడాడు. నిన్న నిజానికి దొరికిన బహుమతి ఇవాళ అబద్ధానికి దొరుకుతోంది. తేడా కనిపెట్టవలసిన మనిషే ఎదురుగా నిలబడి దాన్ని ఇస్తున్నాడు.

కనిపెట్టలేదనుకుంటే పొరపాటు. ఫ్యాక్టరీ నుంచి ఆమె కోసం ఒక వదులు చొక్కా తెచ్చి ఇచ్చాడు అతను, లేత నీలం రంగుది. అంగుళం అంగుళం చూసి తెచ్చినది. ఇచ్చిన నాలుగో రోజున దాని కుడి చేతి అంచున ఆవగింజంత చిల్లు కనిపించింది. అంచు నల్లగా మాడి ఉంది. ఇరవై అడుగుల దూరం నుంచి వదులు దారం చూసేవాడికి అది బండి చక్రమంత కనిపించింది. చెయ్యి దానంతట అదే జేబులోకి పోయి బాణాల చుట్టను పట్టుకుంది. రోజూ పొగడండి అన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి ఖాళీగా బయటికి తీసి, ఈ రంగు నీకు నప్పింది అన్నాడు. ఆమె చేతిని మెల్లగా వెనక్కి పెట్టుకుంది. మర్నాటికి ఆ చిల్లు దారంతో పూడ్చి రఫ్పు చేసి ఉంది. దారం ఒక వన్నె ముదురు. అదీ అతను చూశాడు. చూసి, ఆ రోజు ఏమీ పొగడలేకపోయాడు.

అప్పుడు దిగింది అతని అక్క. నాలుగు వీధుల అవతల ఉంటుంది. తమ్ముడికి ఈ వంకల విద్య ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడతో పావుగంట కూర్చుంటే తెలిసిపోతుంది. ఆ రోజే బస్సు కోసం డిపోలో నిలబడి, షెడ్డు వెనక మరదలిని చూసిందట. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది. తల్లి కాబోతూ బిడ్డకి పొగబెడుతోందనీ, సిగ్గూ ఎగ్గూ లేదనీ, నువ్వు ఏం చూసి ఊరుకుంటున్నావురా, చొక్కాలకి పెట్టే వంకలు ఇంట్లో పెట్టడానికి ఏమొచ్చిందనీ ఏకరువు పెట్టింది. డ్రైవరమ్మ లోపలి గదిలో తలుపు వెనక నిలబడి ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా అక్క గొంతు తగ్గించలేదు.

వంకలు వినడం అతనికి కొత్త కాదు. బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్న పనే అది. కానీ తన భార్యకి ఇంకొకరు వంక పెట్టగా వినడం ఇదే మొదలు. బాణం గుచ్చుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

“మా ఆవిడ మానేసిందక్కా,” అన్నాడు.

“నా కళ్ళతో నేను చూశాను రా.”

“నువ్వు పొరపడ్డావు. నేను రోజూ చూస్తున్నాను కదా. మానేసింది.”

అక్క నోరు తెరుచుకుని తమ్ముడి ముఖంలోకి చూసింది. వీడు అబద్ధమాడగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. చెయ్యి తిరిగినవాడు కాదు కనక అబద్ధం బాగా కుదరలేదు కూడా. అయినా ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఉద్యోగంలో చేరింది మొదలు ఒక్క చెడ్డ చొక్కాను కూడా గేటు దాటనివ్వని మనిషి, ఆ సాయంత్రం కళ్ళారా చూసిన తప్పును తన చేత్తో గేటు దాటించాడు.

డ్రైవరమ్మ గదిలోంచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. చొక్కా చేతిని బల్ల మీద పెట్టింది, రఫ్పు చేసిన చోటు పైకి వచ్చేలా.

“ఇది నువ్వు చూశావు కదా.”

“చూశాను.”

“మరి బాణం ఎందుకు వెయ్యలేదు?”

“నర్సమ్మ రోజూ పొగడమంది.”

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. “నువ్వు బాణాలతో తిట్టినన్నాళ్ళూ షెడ్డు వెనక దాక్కున్నాను. పొగడటం మొదలుపెట్టాక ఇంట్లో కూడా దాక్కుంటున్నాను. ఎటు పోను నేను? పొగిడేవాడికి నిజం చెప్పడం తిట్టేవాడికి చెప్పడంకన్నా కష్టం తెలుసా నీకు? ఇప్పుడు నా కోసం అబద్ధం కూడా ఆడావు.” ఆ తర్వాత, “ఇవాళ మూడు తాగాను,” అంది. “మూడోది మీ అక్క చూసింది.”

తిట్టడానికి వీల్లేదు. పొగడటానికి అక్కడేమీ లేదు. అతనికి తెలిసిన విద్యలు రెండూ అయిపోయాయి. కాసేపు ఆ రఫ్పు వంక చూసి, ఇంకేమీ తోచక, “సరే. రేపు చూద్దాం,” అన్నాడు.

ఆమె బల్ల మీద తల ఆన్చి ఏడ్చింది. చాలా రోజులకి హాయిగా ఏడ్చింది.

తర్వాతి పరీక్షకి ఇద్దరూ కలిసి నర్సమ్మ ఎదుట కూర్చున్నారు. రోజూ అడుగుతున్నారా అని ఆవిడ అతన్ని అడిగింది. ఏమిటి అడగడం అన్నాడతను. పొగ గురించి అంది ఆవిడ. మీరు పొగడమన్నారు కదా అన్నాడతను. ఆవిడ మాస్కు కిందికి లాగింది.

“పొగడమనలేదండీ. పొగ, అడగండి అన్నాను. పొగ. అడగండి. సాయంత్రం కూర్చుని ఇవాళ ఎన్ని అని మామూలుగా అడిగితే చాలన్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడక్కుండా ఈవిడ ఎలా చెప్తుంది?”

ముందు నర్సమ్మ నవ్వు మొదలుపెట్టింది, డ్రైవరమ్మ అందుకుంది, పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. తాళం బాగా వేస్తావన్నాడండీ అని చెప్పి మళ్ళీ నవ్వింది. మీరు మాటలు మింగేస్తారండీ అని అతను నర్సమ్మకి వంక పెట్టబోయాడు. ఆవిడ నవ్వు ఆపి, అతని కుడిచెవి పక్కన చిటిక వేసింది. అతను కదల్లేదు. ఎడమ పక్కన వేసింది. ఉలిక్కిపడ్డాడు. పక్క గదిలోనే చెవి డాక్టరు ఉన్నాడు. కుడిచెవి సగానికి పైగా పోయిందని, మిషన్ల రొద వల్లేనని అరగంటలో తేలిపోయింది.

బయటికి వచ్చాక డ్రైవరమ్మ అతని జేబులో చెయ్యి పెట్టి, ఎర్ర బాణం ఒకటి ఊడదీసి, అతని కుడిచెవి తమ్మెకి అంటించింది. ఇన్నాళ్ళకి నీలోనూ ఒకటి దొరికిందయ్యా అంది. అతను దాన్ని పీకెయ్యలేదు. బస్సులో ఎదుటి సీటు మనిషి దారి పొడుగునా అతని చెవినే చూస్తూ కూర్చున్నాడు. అతను వంక పెట్టలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాడు.

అప్పటి నుంచి రోజూ అడిగాడు. సాయంత్రం ఆమె తన ఎడమ పక్కన ఉండేలా కుర్చీ జరుపుకుని కూర్చుని, ఇవాళ ఎన్ని అనేవాడు. నాలుగు అంటే నాలుగు, రెండంటే రెండు. జవాబు ఏదైనా అతని మాట ఒక్కటే: సరే, రేపు చూద్దాం. ఆ మాట మీద సంతోషం గాని విచారం గాని పడకుండా చూసుకోవడం అతను చేసిన పనులన్నిటిలోకీ గడ్డు పని. కథల్లో అయితే ఇక్కడి నుంచి లెక్క రోజురోజుకీ తగ్గుతూ పోవాలి. ఇక్కడ అలా జరగలేదు. తగ్గింది, పెరిగింది, మళ్ళీ తగ్గింది. డిపోలో గొడవ అయిన రోజున అయిదు. అయిదు అని చెప్పి ఆమె అతని ముఖంలోకి చూసింది. సరే, రేపు చూద్దాం అన్నాడు. ఆ మాట అనడానికి ముందు రెండుసార్లు గుటక వేశాడు, అంతే.

ఇంకో సంగతి కూడా అతనికి ఆలస్యంగానే తట్టింది. ఆమెకి కావలసింది సిగరెట్టు సగం, ఆఖరి స్టాపు సగం. పని అయ్యాక డిపో దగ్గరికి వెళ్ళి, ఆమెను ఆమె పాత బస్సే ఎక్కించి, ఆఖరి స్టాపు దాకా తీసుకెళ్ళేవాడు. అక్కడ సిమెంటు బెంచీ మీద ఒక సిగరెట్టు కాలేంతసేపు ఇద్దరూ ఊరికే కూర్చునేవారు. ఆమె పెన్సిలు వేళ్ళ మధ్య తిప్పేది. అతను మాట్లాడేవాడు కాదు. కొత్త డ్రైవరు బస్సును బోర్డుకి మూరెడు వంకరగా పెట్టడం రోజూ చూసేవాడు. నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేవాడు. నువ్వు మింగుతున్నావని నాకు తెలుస్తోందిలే అని ఆమె ఒకరోజు అతని భుజం మీద తల పెట్టింది. ఆ సాయంత్రం ఎన్ని అని అడిగితే, ఏవీ లేవు అంది. అతనికి లేచి గెంతాలనిపించింది. సరే, రేపు చూద్దాం అన్నాడు.

ఏవీ లేని రోజులు ఒకదాని పక్కన ఒకటి చేరడం మొదలుపెట్టాయి. ఎనిమిదో నెలలో ఒక్కటి జారింది. దానికి ఆమె పడ్డ బాధ చూసి, అతను ఇన్నాళ్ళూ నేర్చుకున్నది మర్చిపోయి పొగడబోయాడు. అడిగితే చాలు, పొగడకు మహానుభావా అంది.

బిడ్డ చెప్పిన రోజుకన్నా కాస్త ముందే వచ్చింది. కబురందేసరికి అతను చివరి బల్ల దగ్గర కాలరు పట్టుకుని ఉన్నాడు. ఆ చొక్కాకి తప్పు ఉందో లేదో చూడకుండా వదిలేసి పరిగెత్తాడు. వార్డు గుమ్మంలో నర్సమ్మ ఎదురై, ఈసారి మాస్కు తీసి, ఎడమచెవి పక్కకి వచ్చి చెప్పింది: బరువు కొద్దిగా తక్కువ, ఊపిరి బాగుంది, ఏడుపు ఇంకా బాగుంది, భయం లేదు, లోపలికెళ్ళి చూసుకోండి. తక్కువ అన్న మాట ఒక్కటే అతని గుండెలో నిలబడిపోయింది. అది ఆమెకి కూడా చెప్పి ఉంటారు. ఆమె తన వల్లేననుకుంటుంది. తను ఏమనాలి? ఏమన్నా తప్పే. తిట్టకూడదు, పొగడకూడదు. తలుపు నుంచి మంచం దాకా నడిచేలోపు అతని తలలో మాటలన్నీ ఖాళీ అయిపోయాయి.

ఆమె పాలిపోయి, జుట్టు చెదిరి పడుకుని ఉంది. పక్కన గుడ్డల మూట. అతను కంగారులో మంచానికి అటుపక్క నిలబడాల్సింది ఇటుపక్క నిలబడ్డాడు. కుడిచెవి ఆమె వైపుకి వచ్చింది. నోరు తెరిస్తే, నెలల తరబడి రోజూ అన్న మాట తప్ప ఇంకేదీ రాలేదు.

“ఇవాళ ఎన్ని?”

ఆమె అతని ముఖంలోకి చూసింది.

“ఒక్కతే.”

ఒక్కటే అని వినిపించింది అతనికి. ఇలాంటి రోజున కూడానా అని ప్రాణం ఉసూరుమంది. గుటక వేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, గొంతు ఏమాత్రం మారకుండా, “సరే. రేపు చూద్దాం,” అన్నాడు.

డ్రైవరమ్మ కుట్లు నొప్పి పెడుతున్నా ఆపుకోలేక నవ్వింది. అతని గడ్డం పట్టుకుని ముఖాన్ని ఇటు తిప్పి, మంచి చెవిని తన నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“ఒక్కటే కాదయ్యా, ఒక్కతే. ఆడపిల్ల. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చూడు.”

గుడ్డ తొలగించింది. అతను చూశాడు. అలవాటుకొద్దీ ముందు రెండు చెవులూ ఒకదానికొకటి సరిపోయాయా అని చూసి, తర్వాత చేతులు, తర్వాత వేళ్ళు, తర్వాత పాదాలు. బాగా చిన్నది. అరచేతిలో పట్టేంత పాదం.

“చాలా బాగుంది,” అన్నాడు.

ఆమె ఊపిరి బిగబట్టి, వెనక రావలసిన కానీ కోసం ఎదురు చూసింది. పాప ఏడుపు అందుకుంది. అతను కళ్ళు తుడుచుకుని, ఎడమచెవి పాప వైపు ఉండేలా వంగి, వింటూ నిలబడ్డాడు.